తుపాకీ హక్కును అమెరికా కోర్టులు దేనితో కొలుస్తున్నాయి?

2024 జూన్ 14న అమెరికా సుప్రీంకోర్టు తుపాకులకు సంబంధించిన ఒక నిషేధాన్ని కొట్టివేసింది. సరిగ్గా వారం తర్వాత, జూన్ 21న, మరో నిషేధాన్ని సమర్థించింది. మొదటి కేసులో మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్, రెండో కేసులో మిగిలిన ఎనిమిది మందితో విభేదించి ఒంటరిగా నిలిచారు. పిల్లలో, తోబుట్టువులో అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇలాంటి వార్తలు చదివినప్పుడు సహజంగా ఒక సందేహం వస్తుంది. ఇంతకీ ఆ కోర్టు తుపాకులకు అనుకూలమా, వ్యతిరేకమా?

ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఈ తీర్పులు ఎప్పటికీ అర్థం కావు. మొదటి కేసులో కోర్టు రాజ్యాంగం జోలికే పోలేదు. 1934 నాటి ఒక చట్టంలో రాసిన నిర్వచనం పరిధి ఎంతవరకో మాత్రమే తేల్చింది. రాజ్యాంగ హక్కు చర్చకు వచ్చింది రెండో కేసులోనే. అక్కడ కూడా తగువు హక్కు ఉందా, లేదా అని కాదు. అది 2008లోనే తేలిపోయింది. ఇప్పుడు నడుస్తున్న తగువంతా కొలబద్ద గురించి. ఒక ఆంక్ష రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో న్యాయమూర్తి దేనితో కొలవాలి?

హక్కు పుట్టుక దగ్గర మొదలుపెడదాం. 1791లో అమెరికా రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. స్వేచ్ఛా రాజ్యపు భద్రతకు క్రమశిక్షణ గల పౌరసేన అవసరం కనుక, ఆయుధాలు ఉంచుకునే, వెంట తీసుకువెళ్లే ప్రజల హక్కుకు భంగం కలగరాదన్నది దాని సారాంశం. మొదటి సగంలో పౌరసేన, రెండో సగంలో ప్రజల హక్కు. ఊరి మగవాళ్లు ఇంట్లో ఉన్న తుపాకీనే భుజాన వేసుకుని పౌరసేనలో చేరే కాలంలో ఈ రెండు సగాలకూ మధ్య లంకె ఎంత గట్టిదని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. పౌరసేన కనుమరుగై, ఇంట్లో రివాల్వర్ మాత్రం మిగిలాక ఆ ప్రశ్న వచ్చింది.

అయినా చాలాకాలం సుప్రీంకోర్టు దీనికి సూటిగా జవాబివ్వలేదు. 1939లో మిల్లర్ కేసు వచ్చింది. గొట్టం కోసి పొట్టిగా చేసిన షాట్‌గన్‌ను ఇద్దరు వ్యక్తులు ఓక్లహోమా నుంచి ఆర్కన్సా రాష్ట్రానికి తీసుకువెళ్లారు. అలాంటి తుపాకీకి పౌరసేనతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు కనుక రెండో సవరణ దాన్ని కాపాడదని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. నిందితుల తరఫున వాదించడానికి సుప్రీంకోర్టుకు ఎవరూ రాలేదు. ఒక పక్షం వాదన మాత్రమే విని ఇచ్చిన ఆ చిన్న తీర్పు మీదే కింది కోర్టులు ఏడు దశాబ్దాలు నెట్టుకొచ్చాయి. తుపాకీ హక్కు పౌరసేనకు సంబంధించినదే తప్ప వ్యక్తులది కాదని వాటిలో ఎక్కువ భాగం అర్థం చేసుకున్నాయి.

ఆ అవగాహనను 2008 జూన్ 26న హెల్లర్ తీర్పు తలకిందులు చేసింది. రాజధాని వాషింగ్టన్‌లో 1976 నుంచి కొత్తగా పిస్తోళ్లు ఉంచుకోవడం దాదాపు నిషిద్ధం. ఇంట్లో రైఫిల్ ఉన్నా దాన్ని విడదీసి ఉంచాలి, లేదంటే ట్రిగ్గర్‌కు తాళం వేయాలి. డిక్ హెల్లర్ ఫెడరల్ భవనానికి కాపలా కాసే ప్రత్యేక పోలీసు అధికారి. డ్యూటీలో తుపాకీ ధరించే తనకు ఇంట్లో అది ఎందుకు ఉండకూడదన్నది ఆయన ప్రశ్న. ఐదుగురి మెజారిటీ తరఫున జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా తీర్పు రాశారు. పౌరసేన ప్రస్తావన ఒక ఉద్దేశాన్ని చెబుతుందే కానీ హక్కును దానికి కట్టిపడేయదనీ, ఆత్మరక్షణ కోసం ఇంట్లో పిస్తోలు ఉంచుకోవడం వ్యక్తి హక్కేననీ ఆయన తేల్చారు. పౌరసేనను పక్కకు నెడితే ఆ వాక్యంలో సగం అలంకారంగా మిగిలిపోతుందని జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ భిన్న తీర్పులో గట్టిగా వాదించారు. ఓటు 5-4.

హెల్లర్ తీర్పులోనే ఉన్న మరో భాగాన్ని తుపాకీ పక్షం వాళ్లు తక్కువగా తలుస్తారు. ఈ హక్కు అపరిమితం కాదని స్కాలియా స్పష్టంగా రాశారు. నేరస్థులు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకుండా చేసే పాత నిషేధాలు, బడులు, ప్రభుత్వ కార్యాలయాల వంటి సున్నితమైన చోట్ల ఆంక్షలు, అమ్మకాలపై షరతులు, ప్రమాదకరమైన, అసాధారణమైన ఆయుధాలపై నిషేధం, వీటన్నిటినీ ఈ తీర్పు అనుమానించడం లేదన్నారు. కానీ అవి ఎందుకు చెల్లుతాయో, మిగతావి ఎందుకు చెల్లవో కొలిచే పద్ధతి మాత్రం చెప్పలేదు. తర్వాతి గందరగోళానికి విత్తనం అక్కడే పడింది.

హెల్లర్ వాషింగ్టన్ నగరానికి, అంటే ఫెడరల్ ప్రభుత్వ పరిధికి సంబంధించిన తీర్పు. రాష్ట్రాలకు వర్తిస్తుందా అన్న ప్రశ్నకు 2010లో షికాగో నుంచి వచ్చిన మెక్‌డొనాల్డ్ కేసు జవాబిచ్చింది. దీని వెనుక ఉన్న చరిత్ర చాలా మందికి తెలియదు, తెలియాల్సినది. 1873లో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో శ్వేతజాతి సాయుధ మూక పెద్దసంఖ్యలో నల్లజాతీయులను ఊచకోత కోసింది. ఆ కేసు 1876లో సుప్రీంకోర్టుకు చేరినప్పుడు, రెండో సవరణ ఫెడరల్ ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తుందనీ, ఇతరుల చేతిలో ఆ హక్కు పోయినవారికి అది రక్షణ ఇవ్వదనీ కోర్టు చెప్పింది. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు చేసిన నల్ల చట్టాలు (బ్లాక్ కోడ్స్) బానిసత్వం నుంచి బయటపడినవారి చేతిలోంచి తుపాకులు లాగేసుకున్నాయి, వాళ్ల ఇళ్ల మీద పడే మూకల చేతుల్లో మాత్రం ఉంచాయి. పౌరుల హక్కులను రాష్ట్రాలు కాలరాయకుండా అడ్డుకునే 1868 నాటి పద్నాలుగో సవరణ వచ్చింది ఈ అన్యాయాల నేపథ్యంలోనే. మెక్‌డొనాల్డ్ కేసులో పిటిషనర్ ఓటిస్ మెక్‌డొనాల్డ్ దొంగల బెడదతో విసిగిన ఒక వృద్ధ నల్లజాతీయుడు. పద్నాలుగో సవరణ ద్వారా తుపాకీ హక్కు రాష్ట్రాలకూ, నగరాలకూ వర్తిస్తుందని 5-4 మెజారిటీ తరఫున జస్టిస్ శామ్యూల్ అలిటో రాశారు. తుపాకీ హక్కును కేవలం తెల్లజాతి మొండితనంగా చూసేవారు ఈ అధ్యాయం చదవాలి. తుపాకీ నియంత్రణ ఎప్పుడూ బలహీనుల పక్షమేనని నమ్మేవారు కూడా చదవాలి.

మన దగ్గర ఈ తగువుకే తావు లేదు. భారత రాజ్యాంగపు 19వ అధికరణంలో ఆయుధాల ప్రస్తావన వచ్చేది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే స్వేచ్ఛ గురించి చెప్పేటప్పుడు. తుపాకీ అన్నది 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సుతో దక్కే అనుమతి మాత్రమే. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండుకు మించి ఉండకూడదు. అమెరికా రాజ్యాంగంలో ఉన్నటువంటి హక్కును మన రాజ్యాంగ నిర్మాతలు ఎవరికీ ఇవ్వలేదని 2023 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు కూడా గుర్తుచేసింది. ఎన్నికల షెడ్యూలు రాగానే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమని ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉత్తర్వులు వస్తే అది మామూలు వార్త. అమెరికాలో అలాంటి ఉత్తర్వు వస్తే ఫెడరల్ కోర్టులో సవాలు ఎదుర్కోక తప్పదు.

హెల్లర్ తర్వాత పద్నాలుగేళ్లు కింది కోర్టులు తమంతట తాము ఒక పద్ధతి ఏర్పరచుకున్నాయి. ముందు ఆ ఆంక్ష హక్కు పరిధిలోకి వస్తుందో లేదో చూస్తాయి. వస్తే, ఆంక్ష వల్ల ప్రజలకు కలిగే మేలు ఎంత, హక్కుకు కలిగే నష్టం ఎంత అని తూచి చూస్తాయి. ప్రభుత్వం గణాంకాలు, నేర పరిశోధనలు ముందుపెట్టేది. చాలా ఆంక్షలు నిలబడ్డాయి.

2022 జూన్ 23న వచ్చిన బ్రూయెన్ తీర్పు ఆ తూకాన్ని పక్కన పెట్టింది. ఇంటి బయట తుపాకీ దాచి తీసుకువెళ్లడానికి లైసెన్సు కావాలంటే ప్రత్యేకమైన కారణం చూపించాలని న్యూయార్క్ వందేళ్లకు పైగా పట్టుబడుతోంది. సాధారణ భయం చాలదు, మిగతా జనానికి లేని ముప్పు తనకు ఉందని నిరూపించుకోవాలి. 6-3 మెజారిటీతో కోర్టు దీన్ని కొట్టివేసింది. జస్టిస్ థామస్ రాసిన ఆ తీర్పు ప్రకారం ప్రజాభద్రతకు మేలని చూపితే చాలదు. అమెరికా చరిత్రలో తుపాకీ నియంత్రణ సంప్రదాయానికి ఆ చట్టం సరిపోతుందని ప్రభుత్వమే నిరూపించాలి. పాత చట్టం అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదు, పోలిక ఉంటే చాలు. హక్కు మీద ఎలాంటి భారం వేసింది, ఎందుకు వేసింది అన్న రెండు విషయాల్లో పోలిక కుదరాలి. జనసమ్మర్దం ఉందన్న ఒక్క కారణంతో మన్‌హాటన్ దీవి మొత్తాన్ని సున్నితమైన ప్రదేశంగా ప్రకటించడం కుదరదని కూడా థామస్ రాశారు.

2020లో 45,222 మంది అమెరికన్లు తుపాకులకు బలయ్యారన్న అంకెతో జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ తన భిన్న తీర్పు మొదలుపెట్టారు. కొత్త కొలబద్దలో ఆ అంకెకు చోటు లేదు. అంతకు నెల ముందే టెక్సాస్‌లోని ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఒక ఆంక్ష రాజ్యాంగబద్ధమా అని నిర్ణయించేటప్పుడు అది ఎన్ని ప్రాణాలు కాపాడుతుందన్న లెక్క న్యాయమూర్తి చూడకూడదనడం నాకు మింగుడుపడదు. ప్రతి హక్కునూ ఉపయోగంతో తూచడం మొదలుపెడితే చివరికి ఏ హక్కూ మిగలదన్న ఎదుటి పక్షం వాదనలో బలముంది, కాదనను. కానీ ఆ వాదన ఎంచుకున్న ప్రత్యామ్నాయం దానికంటే స్థిరంగా ఉందా? తర్వాతి రెండేళ్లలో జరిగింది చూస్తే అలా అనిపించదు.

18వ, 19వ శతాబ్దాల పాత చట్టాలు, పట్టణ శాసనాలు, వలసకాలపు జరిమానాల జాబితాలు తవ్వి తీసి పోలికలు వెతికే పని న్యాయమూర్తుల మీద పడింది. తాను చరిత్రకారుణ్ణి కాననీ, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కూడా కారనీ మిసిసిపీలోని ఫెడరల్ న్యాయమూర్తి కార్ల్‌టన్ రీవ్స్ నేరుగానే రాశారు. తన ముందున్న తుపాకీ కేసు కోసం కోర్టు ఒక చరిత్ర నిపుణుణ్ణి నియమించాలా అని ఇరుపక్షాలనూ అడిగారు. ఒకే చట్టాన్ని ఒక కోర్టు చెల్లదనేది, మరో కోర్టు చెల్లుతుందనేది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కలచివేసింది రహీమీ కేసు. టెక్సాస్‌లో 2019 డిసెంబరులో రహీమీ అనే వ్యక్తి తన స్నేహితురాలిని పార్కింగ్ స్థలంలో ఈడ్చి కొట్టాడు, తుపాకీ పేల్చాడు. 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆమెకు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి ఉత్తర్వు అమల్లో ఉన్నంత కాలం తుపాకీ ఉంచుకోకూడదని 1994 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. తర్వాత వరుస కాల్పుల కేసుల్లో అనుమానంతో పోలీసులు ఇల్లు సోదా చేస్తే పిస్తోలు, రైఫిల్, వాటితోపాటు ఆ రక్షణ ఉత్తర్వు ప్రతి కూడా దొరికాయి. శిక్ష పడింది. అప్పీలులో ఐదో సర్క్యూట్ కోర్టు (టెక్సాస్ ఉన్న ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టు) మొదట ఆ శిక్షను ఖాయం చేసింది. ఇంతలో బ్రూయెన్ వచ్చింది. అదే కోర్టు తన తీర్పు వెనక్కి తీసుకుని, గృహహింస నిందితుల నుంచి తుపాకులు తీసుకున్న సంప్రదాయం చరిత్రలో కనబడదంటూ 2023లో చట్టాన్నే చెల్లదంది.

చరిత్రలో ఎలా కనబడుతుంది? 1791లో భార్యను కొట్టడం చాలావరకు ఇంటి వ్యవహారం. ఆ చట్టాలు చేసిన సభల్లో మహిళలకు ఓటే లేదు. తమను కాపాడే చట్టం చేయించుకునే గొంతు లేనివారికి, అప్పట్లో అలాంటి చట్టం లేదు కాబట్టి ఇప్పుడూ ఉండరాదని చెప్పడం ఒక అన్యాయాన్ని తెచ్చి కొలబద్దగా పెట్టడమే.

2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1తో ఐదో సర్క్యూట్ తీర్పును తిప్పికొట్టింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఇక్కడ బ్రూయెన్‌ను కొట్టేయలేదు, సడలించారు. పాతకాలపు చట్టాలను గడ్డకట్టిన స్థితిలో చూడకూడదనీ, వాటి వెనుక ఉన్న సూత్రాన్ని పట్టుకోవాలనీ చెప్పారు. ఆయన పట్టుకున్న ఆధారాల్లో ఒకటి మన పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. ఎవరివల్లనైనా శాంతికి భంగం కలుగుతుందన్న అనుమానం ఉంటే, నేరం జరగకముందే తహసీల్దారు ఎదుట హాజరుపరిచి పూచీకత్తు రాయించుకునే బైండోవర్ మన దగ్గర ఉంది కదా. ఆంగ్ల న్యాయ సంప్రదాయం నుంచి వచ్చిన ఇలాంటి పూచీకత్తు చట్టాలు నాటి అమెరికాలోనూ ఉండేవి. ఆయుధాలతో తిరుగుతూ జనాన్ని భయపెట్టేవారిని శిక్షించే చట్టాలూ ఉండేవి. ఈ రెండూ కలిపి చూస్తే, ఇతరుల ప్రాణాలకు ముప్పు అని కోర్టు నిర్ధారించిన వ్యక్తి చేతిలోంచి తాత్కాలికంగా తుపాకీ తీసుకోవడం సంప్రదాయానికి విరుద్ధం కాదన్నారు రాబర్ట్స్. థామస్ ఒప్పుకోలేదు. తాను రాసిన బ్రూయెన్‌ను మిగతావారు నీరుగారుస్తున్నారన్నది ఆయన భిన్న తీర్పు ధ్వని. ఆ మాటలో నిజం ఉంది. నా దృష్టిలో నీరుగారడమే మంచిదైంది.

ఇక వారం ముందు వచ్చిన జూన్ 14 నాటి కార్గిల్ కేసు. 2017 అక్టోబరు 1న లాస్ వేగస్‌లో సంగీత ఉత్సవం మీద ఒకడు హోటల్ కిటికీ నుంచి కాల్పులు జరిపాడు. 60 మంది ప్రాణాలు పోయాయి. అతను వాడిన రైఫిళ్లకు బంప్ స్టాక్‌లు ఉన్నాయి. భుజానికి ఆనించే భాగం స్థానంలో దీన్ని అమర్చితే, తుపాకీ తన్నే బలంతో వెనక్కూ, రెండో చేత్తో నెట్టే ఒత్తిడితో ముందుకూ కదులుతూ, కదలకుండా ఉంచిన వేలికి ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ తగులుతుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే వదిలే మామూలు సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మెషిన్ గన్‌ను తలపించే వేగంతో పేలుతుంది. 2018 చివర్లో, ట్రంప్ తొలి పాలనలో, తుపాకుల నియంత్రణ సంస్థ ఏటీఎఫ్ వీటిని మెషిన్ గన్‌ల కోవలో చేర్చి నిషేధించింది. అంతకుముందు ఏళ్ల తరబడి అదే సంస్థ కాదంటూ వచ్చింది.

1934 చట్టం ప్రకారం ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే, దానంతటదే ఒకటికి మించి తూటాలు వదిలేది మెషిన్ గన్. బంప్ స్టాక్ ఉన్నా ప్రతి తూటాకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తుందని, ట్రిగ్గర్ యంత్రాంగం బొమ్మలతో సహా థామస్ తీర్పు రాశారు. 6-3. ఈ తీర్పులో రెండో సవరణ ప్రసక్తి లేదు. బంప్ స్టాక్ ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని కోర్టు చెప్పలేదు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం సవరిస్తే సమస్య తీరిపోతుందని అలిటో విడిగా రాసి మరీ చెప్పారు. కోర్టు తలుపు మూయలేదు, కాంగ్రెస్ లోపలికి అడుగుపెట్టలేదు.

అమెరికా తుపాకీ చర్చలో నాకు అన్నిటికంటే పెద్ద అపోహగా కనబడేది ఇదే. ప్రజాప్రతినిధులు చేయని పనికి రాజ్యాంగాన్ని సాకుగా చూపించడం చాలా తేలిక. యుద్ధంలో వాడే తరహా రైఫిళ్లపై 1994లో వచ్చిన ఫెడరల్ నిషేధాన్ని ఏ కోర్టూ కొట్టేయలేదు. పదేళ్ల గడువుతో చేసిన ఆ చట్టాన్ని 2004లో కాంగ్రెస్ పొడిగించలేదు, అంతే. 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయిన శాండీ హుక్ బడి ఘటన తర్వాత మేరీలాండ్ రాష్ట్రం అలాంటి నిషేధమే తెచ్చుకుంది. దానిపై వచ్చిన సవాలును వినడానికి 2025 జూన్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది, నిషేధం అమల్లో ఉండిపోయింది. అదే ఏడాది మార్చిలో, విడిభాగాల కిట్‌గా కొని ఇంట్లో బిగించుకునే, సీరియల్ నంబరు లేని తుపాకులపై ఏటీఎఫ్ నిబంధనను 7-2తో సమర్థించింది. అదీ చట్టం మాటల పరిధి గురించిన కేసే. అక్కడ చట్టం మాటలు నియంత్రణ వైపు మొగ్గాయి, తీర్పు కూడా అటే మొగ్గింది.

వయసు విషయంలో మాత్రం కోర్టుల మధ్య చీలిక స్పష్టం. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సున్న దుకాణాలు పిస్తోళ్లు అమ్మరాదన్న ఫెడరల్ చట్టం చెల్లదని టెక్సాస్ ఉన్న ఐదో సర్క్యూట్ 2025 జనవరిలో చెప్పింది. 21 లోపువారికి తుపాకుల అమ్మకాన్ని నిషేధించిన ఫ్లోరిడా చట్టం మాత్రం సరైనదేనని అదే ఏడాది మార్చిలో పదకొండో సర్క్యూట్ చెప్పింది. రెండూ చూసింది ఒకే చరిత్రను.

అమెరికాలో ఉన్న మన విద్యార్థులకు, ఉద్యోగులకు ఇందులో నేరుగా తగిలే విషయం ఒకటుంది. దాన్ని తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. టెక్సాస్‌లో 2021 నుంచి అర్హులైనవారు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట తిప్పుకోవచ్చు. కానీ పక్క ఫ్లాటులో ఉన్న పౌరుడికి వర్తించే ఆ రాష్ట్ర చట్టం వీసా మీద ఉన్న మన పిల్లవాణ్ణి ఫెడరల్ కేసు నుంచి కాపాడదు. 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రెహైఫ్ కేసులో నిందితుడు అరబ్ ఎమిరేట్స్ నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. మార్కులు తగ్గి యూనివర్సిటీ తొలగించడంతో వీసా హోదా పోయింది. తర్వాత షూటింగ్ రేంజ్‌కు వెళ్లి రెండు తుపాకులు పేల్చాడు. జైలు శిక్ష పడింది. తాను నిషేధం వర్తించే హోదాలో ఉన్నానని నిందితుడికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలంటూ సుప్రీంకోర్టు 7-2తో ఆ శిక్షను తప్పుపట్టింది. అది చిన్న ఊరటే. చట్టం తెలియదనడం అక్కడ సాకు కాదు, తన వీసా పరిస్థితి తెలియకపోతేనే ఈ వాదన పనికొస్తుంది. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. స్నేహితులతో సరదాగా రేంజ్‌కు వెళ్లి ఫోటో దిగడం ఎంత పెద్ద చిక్కు తెచ్చిపెట్టగలదో పిల్లలకు ముందే చెప్పాలి.

చరిత్ర కొలబద్ద ఎంత విచిత్రమైన చోటికి తీసుకువెళుతుందో చూడాలంటే, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించిన హవాయీ కేసు చూడాలి. జనం వచ్చిపోయే ప్రైవేటు స్థలాల్లోకి, అంటే దుకాణాలు, హోటళ్ల వంటి వాటిలోకి యజమాని స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తుపాకీతో వెళ్లకూడదని హవాయీ చట్టం. నా మటుకు అది సబబైన నియమం. మన దుకాణంలోకి ఎవరు ఏం తీసుకురావచ్చో మనమే చెప్పాలి కదా. కానీ బ్రూయెన్ ప్రకారం పాత పోలిక చూపించాలి. తొమ్మిదో సర్క్యూట్ ఈ నియమాన్ని నిలబెట్టేటప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిలో ఒకటి 1771 నాటి న్యూజెర్సీ చట్టం, మరొకటి 1865లో లూసియానా చేసిన చట్టం. ఆ రెండోది బానిసత్వం రద్దయిన వెంటనే నల్లజాతీయులను నిరాయుధులను చేయడానికి వచ్చిన నల్ల చట్టాల కాలానిది. పద్నాలుగో సవరణ ఏ దుర్మార్గానికి విరుగుడుగా వచ్చిందో, ఆ దుర్మార్గం నుంచే ఇవాళ ఒక దుకాణదారుడి రక్షణకు ఆధారం తీసుకోవాల్సి వచ్చింది. హవాయీ న్యాయవాదులను నేను తప్పుపట్టను. వాళ్ల చేతికిచ్చిన కొలబద్ద అది.